చాయ్ జాలిలో పడ్డ కందిరీగకు పేరెవరు పెడతారు?

మా అక్క ఇంట్లో చాయ్ జాలి కనబడక వారమైంది. కొత్తది కొన్నాక తెలిసింది, పాతది నర్సంపేట అవతల ఖానాపురం మండలంలో ఒక వరిమడి గట్టు మీద ఉందని. పట్టుకుపోయింది మా మేనల్లుడే. వాడు కందిరీగల మీద పరిశోధన చేస్తున్నాడు. పాకాల అభయారణ్యం హద్దుకు బయట, రైతును అడిగి, గట్ల వెంట ఇరవై పసుపురంగు ప్లాస్టిక్ ప్లేట్లు పరిచాడు. ఒక్కోదాంట్లో సగానికి నీళ్లు, చిటికెడు ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. పసుపును చూసి చిన్న పురుగులు వచ్చి వాలతాయి. సబ్బు కలిసిన నీళ్ల మీద కాలు ఆనదు కాబట్టి మునిగిపోతాయి. ఉప్పు వల్ల మర్నాటిదాకా కుళ్లవు. మర్నాడు జాలి మీద పలుచని గుడ్డ పరిచి ఆ నీళ్లు వడబోసి, మిగిలినదాన్ని ఆల్కహాల్ సీసాలో వేసుకుంటాడు. అదీ జాలి కథ.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. కందిరీగలంటే నాకు తెలిసింది అంతంతమాత్రమే. హనుమకొండలో వాడి గదికి వెళితే మైక్రోస్కోప్ ముందు కుర్చీ జరిపాడు.

"మామా, జర దీన్ని చూడు."

సన్నటి త్రికోణం అట్టముక్క. దాని కొసకు జిగురుతో అతికించిన నలుసు, ఆవగింజంత ఉంటుంది. కటకం కింద పెడితే మాత్రం ఆ నలుసు ఒంటి నిండా ఆకుపచ్చ ఇత్తడి మెరుపు. మధ్యకాళ్ల చివర ముల్లులాంటి బలమైన కొక్కెం. దాంతోనే ఇది మిడతలా ఎగురుతుందట. మీసంలో మొదట పొడవాటి కాడ, ఆపైన పూసలు గుచ్చినట్టు ఆరు ముక్కలు, కొసన చిన్న గద. తల మీద దర్జీవాళ్లు వేలికి పెట్టుకునే అంగుస్తాను మీద ఉన్నట్టు గుంటలు.

"కొత్తదారా?"

"కొత్తదే అనిపిస్తాంది మామా. అనిపిస్తే అయితదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పించుకోవడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. పేపర్లో "కొత్త జాతి కీటకాన్ని కనుగొన్నారు" అని రెండు కాలాల వార్త పడితే, ఎవరో పొద చాటున దాన్ని చూసి ఉలిక్కిపడ్డట్టు ఊహించుకుంటాం. దొరకడానికేముంది, ఇరవై ప్లేట్లు పెడితే ఒక్క రాత్రిలో వందలు దొరుకుతాయి. ఇంతకుముందు ఎవరూ పేరు పెట్టిన పురుగు ఇది కాదని నిరూపించడంలోనే ఉంది కష్టమంతా. లేనిదాన్ని లేదని నిరూపించాలన్నమాట. కోర్టులో కూడా అంతకన్నా కష్టమైన కేసు ఉండదు.

ముందు ఈ పురుగులెవరో చూద్దాం. మనకు భ్రమరకీట న్యాయం అని ఒక మాట ఉంది. తుమ్మెద ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి తుమ్మెదే అయిపోతుందట. ధ్యానం గొప్పతనానికి వేదాంతులు చెప్పే ఉపమానం ఇది. చూసినవాళ్ల కళ్లలో లోపమేమీ లేదు. గూట్లోకి పోయింది పచ్చపురుగే, బయటికి వచ్చింది రెక్కల పురుగే. నడుమ జరిగింది మాత్రం మట్టిగోడ వెనక జరిగింది. కందిరీగ ఆ పురుగును కుట్టి కదలకుండా చేసి, పక్కన గుడ్డు పెట్టి, గూటికి మూత వేసి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పచ్చపురుగును తిని పెరిగి, రెక్కలొచ్చాక మూత పగలగొట్టుకుని వస్తుంది. యూరప్‌లోనూ 17వ శతాబ్దంలో గొంగళిపురుగులోంచి ఈగల్లాంటివి రావడం చూసి, అది కూడా ఒక తరహా రూపాంతరమే అనుకున్నవాళ్లున్నారు. 18వ శతాబ్దం మొదట్లో ఇటలీకి చెందిన ఆంటోనియో వాలిస్నేరి లాంటివాళ్లు ఆ ముడి విప్పారు.

మట్టిగూడు కట్టేవి వేటాడి తెచ్చుకునే రకం. మా వాడి పురుగులు గూడు కట్టవు, దేన్నీ మోసుకురావు. ఇంకో పురుగు గుడ్డులోనో ఒంట్లోనో నేరుగా తమ గుడ్డు దించి పోతాయి. పిల్ల లోపలే తిని పెరుగుతుంది. పేను, నులిపురుగు లాంటివి మనల్ని పీలుస్తాయి గానీ చంపవు, చంపితే వాటి ఇల్లే కూలుతుంది. పులి చంపుతుంది గానీ జింక కడుపులో కాపురం పెట్టదు. వీటిది ఆ రెండింటికీ నడిమి బతుకు. కాపురం పెట్టిన ఇంటిని కూల్చిగానీ బయటికి రావు. ఈ నడిమి బతుక్కి 1913లో ఓ. ఎం. రాయిటర్ అనే శాస్త్రవేత్త 'పారాసిటాయిడ్' అని వేరే మాట పెట్టాడు. మన వ్యవసాయ పుస్తకాల్లో పరాన్నజీవి అనీ, బదనిక అనీ రాస్తారు. మామిడి కొమ్మల మీద మొలిచే బదనిక పేరే దీనికీ పెట్టారు. ఉపమానం పూర్తిగా అతకదు, మామిడిది అంత కర్కశం కాదు. అయినా మాట బాగుంది కాబట్టి నేనూ అదే వాడతాను.

వరంగల్ వరి రైతుకు బదనిక కొత్త చుట్టమేమీ కాదు, పరిచయం లేదంతే. వరిలో ఉల్లికోడు ఇక్కడ పాత పీడ. దోమలాంటి ఈగ పిల్ల మొవ్వలో చేరితే పిలక కంకి వేయకుండా ఉల్లికాడలా తెల్లటి గొట్టమై లేస్తుంది. దాన్ని తట్టుకునే 'కావ్య' లాంటి వరి రకాలు వరంగల్ పరిశోధన స్థానం నుంచే వచ్చాయి. ఆ ఈగకు ఒక బదనిక ఉంది, ప్లాటిగాస్టర్ ఒరైజే. చీమ కన్నా చిన్నది, నల్లగా ఉంటుంది. దీని విచిత్రమేమంటే, పెట్టిన ఒక్క గుడ్డు లోపల చీలిపోయి పదుల సంఖ్యలో పిల్లలవుతుంది. పొలంలో ఉల్లిగొట్టాన్ని గోటితో చీల్చి చూస్తే, ఒక్కోసారి ఈగ పిల్లకు బదులు దాని తోలుసంచి నిండా ఇవే కిక్కిరిసి ఉంటాయి. ఉల్లికోడు ఈగకు 1889లో, దీనికి 1891లో శాస్త్రీయ నామాలు పడ్డాయి. శత్రువుకు పేరు పెట్టిన రెండేళ్లకే మిత్రుడికీ పెట్టారంటే అదృష్టమే. మిగతావాటికి ఆ యోగం లేదు.

ఎందుకు లేదంటే, ఇవి అన్నున్నాయి. సీతాకోకకో ఈగకో పేను పురుగుకో ఒక్కోదానికీ ఒకటో రెండో మూడో బదనికలుంటాయి. గుడ్డుకొకటి, పురుగుకొకటి, ప్యూపాకొకటి. బదనికల మీద బతికే బదనికలు మళ్లీ వేరు. లెక్క ఇలా పెరుగుతూ పోతుంది కాబట్టే, ప్రపంచంలో ఎక్కువ జాతులున్నది పెంకుపురుగుల్లో కాదు, తేనెటీగలూ చీమలూ కందిరీగలూ ఉన్న ఈ వర్గంలోనే అని 2018లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కగట్టి వాదించారు. ఇక్న్యుమోనిడే అనే ఒక్క కుటుంబంలోనే పేరు పెట్టినవి 25,000 దాకా ఉన్నాయి. ఆ కుటుంబం గురించి 1970లలో ఒక వాదన బయలుదేరింది. మిగతా జీవులన్నీ ఉష్ణమండలంలో ఎక్కువైతే ఇవి మాత్రం చల్లటి దేశాల్లోనే ఎక్కువని. చాలాకాలం అదే నిలిచింది. తరువాత అమెజాన్‌లోనూ ఆఫ్రికాలోనూ గట్టిగా వలలు కట్టి చూస్తే, వేడి దేశాల్లో లేకపోవడం కాదు, వెతకకపోవడమే ఎక్కువని అనుమానం బలపడింది. చెరువులో వల వేయకుండా చేపల్లేవన్నట్టుంది వ్యవహారం.

వల అంటే గుర్తొచ్చింది. ఈ పరిశోధకులంతా కట్టే డేరాలాంటి వల ఒకటుంది, మలేజ్ ట్రాప్ అంటారు. రెనే మలేజ్ అనే స్వీడన్ కీటక శాస్త్రవేత్త, తన డేరాలో చొరబడ్డ పురుగులన్నీ పైమూలకు ఎగబాకి అక్కడి సందులోంచి పోతుండటం గమనించి, ఆ మూలనే సీసా కడితే పోలేదా అనుకున్నాడు. 1930లలో బర్మా యాత్రలో దాన్ని వాడి చూశాడు. ఇవాళ్టికీ అదే నమూనా.

పట్టడం సులువు కాబట్టే సీసాలు పేరుకుపోతాయి. అన్ని రకాల జీవులనూ కలిపి 2012లో ఒక అధ్యయనం లెక్క తీసింది. ఒక జీవి మొదటి నమూనా చేతికందిన నాటి నుంచి దానికి పేరు పడే నాటికి సగటున 21 ఏళ్లు. మా వాడి పురుగుకు ఇంకా మూడు నెలలే.

ఇక అసలు పని. ఆల్కహాల్‌లోంచి నేరుగా తీసి ఆరబెడితే మెత్తటి పురుగు ఎండిన మిరపకాయలా ముడుచుకుపోతుంది, అందుకు వేరే ద్రావకంలో ముంచి ఆరబెట్టాలి. అట్ట కొసన ఒంటి కుడివైపు ఒక్క చుక్క జిగురు. ఎక్కువైతే ముఖ్యమైన గుర్తులు జిగురు కిందికే పోతాయి. తరువాత తాళపు చెవిలాంటి పట్టిక పట్టుకుని కూర్చోవాలి. "మీసం గద మూడు ముక్కలా, ఒకే ముక్కా? మూడైతే 14వ మెట్టుకు పో, ఒకటైతే 9కి పో." ఇలా మెట్టు మెట్టు దిగితే మొదట కుటుంబం, తరువాత ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) తేలుతుంది. ఈ పురుగు ఎన్‌సిర్టిడే కుటుంబమని గంటలో తేలింది. ప్రజాతికి పది రోజులు పట్టింది. జాతి దగ్గర బండి ఆగింది.

ఎందుకంటే ఆ ప్రజాతిలో ఇప్పటిదాకా పేరు పెట్టిన ప్రతిదాన్నీ తీసి పక్కన పెట్టి చూడాలి, తెలంగాణవో భారతదేశంవో మాత్రమే చూస్తే కుదరదు. జంతువుల పేర్ల లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలు, లినేయస్ అనే శాస్త్రవేత్త జంతువుల పేర్లు రాసిన పుస్తకం పదో ముద్రణకు వేసిన తేదీ అది. అప్పటినుంచి లాటిన్‌లో, జర్మన్‌లో, ఫ్రెంచ్‌లో, మూడు లైన్లలో రాసిన వర్ణనలున్నాయి. మన దేశపు బదనికలకు బోలెడు పేర్లు పెట్టిన పీటర్ కామెరాన్ అనే ఇంగ్లీషాయన ఉన్నాడు. ఉల్లికోడు బదనికకు పేరు పెట్టిందీ ఆయనే. రంగులు బాగానే రాశాడు గానీ ఇవాళ కావాల్సిన కొలతలు ఉండవు. "నల్లనిది, కాళ్లు పసుపు" అని రాసుంటే, నల్లని ఒళ్లు పసుపు కాళ్లు ఉన్న జాతులు ఓ వంద వచ్చి నిలబడతాయి.

అప్పుడేం చేస్తారు? మన దగ్గర భూమి తగాదా వస్తే చేసేదే. పహాణీ తీస్తాం, టిప్పన్ తీస్తాం, అందులో రాసింది అర్థం కాకపోతే సర్వేయర్‌ను తీసుకుని పొలంలోకి పోయి హద్దురాయి వెతుకుతాం. కాగితం మీద ఏమున్నా రాయి ఎక్కడుంటే హద్దు అక్కడ. జాతులకూ హద్దురాయి ఉంది. హోలోటైప్ అంటారు. పేరు పెట్టేవాళ్లు ఒకే ఒక్క నమూనాను ఎంచి, ఈ పేరు దీనిదే అని ప్రకటిస్తారు. దానికి ఎర్ర లేబుల్ తగిలించడం ఆనవాయితీ. పక్కన సాక్షులుగా ఉండే మిగతా నమూనాలు పారాటైపులు. రేపు వర్ణన తప్పని తేలినా, రాసినాయన చూపు మసకైనా, పేరు ఆ ఒక్క పురుగును వదిలిపోదు. 1999 తరువాత పెట్టే పేర్లకైతే ఆ ఒక్కటేదో వ్యాసంలో స్పష్టంగా చెప్పి తీరాలి, లేకుంటే ఆ పేరు లెక్కలోకే రాదు.

చిక్కేమిటంటే మన పాత హద్దురాళ్లు మన పొలంలో లేవు. నిజాం కాలంలోనూ ఇంగ్లీషువాళ్ల కాలంలోనూ పట్టిన పురుగుల టైపులు చాలావరకు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం లాంటి చోట్ల డ్రాయర్లలో ఉన్నాయి. ఇప్పుడు ఫొటోలు పంపుతున్నారు, మా వాడి పురుగు చేరే కాల్సిడ్ అనే కందిరీగల పెద్ద గుంపు పేర్లన్నీ ఆన్‌లైన్ డేటాబేస్‌లో వెతుక్కోవచ్చు. ఈ సౌకర్యం లేని రోజుల్లో అలీగఢ్‌లో కూర్చుని మహమ్మద్ హయాత్, కాలికట్‌లో కూర్చుని టి. సి. నరేంద్రన్ ఇన్ని కందిరీగలను గుర్తించి పేర్లు పెట్టే పని ఎలా చేశారో నాకైతే ఊహకందదు.

అంత చేయి తిరిగినవాళ్లకూ పొరపాటు తప్పదు. అది పత్తి రైతు కథ కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

2005 ప్రాంతంలో మన దేశపు పత్తి మీద ఒక పిండినల్లి దిగింది. కొమ్మ నిండా తెల్లటి పిండి చల్లినట్టు, కింద జిగట, దాని మీద చీమల బారు. దాని పేరు ఫీనాకాకస్ సోలెనోప్సిస్. పుట్టిల్లు అమెరికా ఖండం. 1898లో న్యూమెక్సికోలో సోలెనోప్సిస్ అనే నిప్పుచీమల పుట్టలో దొరికితే ఆ పేరు పెట్టారు. గుజరాత్, పంజాబ్, హర్యానా పత్తి దెబ్బతింది. మందులు కొట్టారు, పైనున్న మైనపు పొర వల్ల అంతగా పని చేయలేదు. ఇంతలో పొలాల్లో ఒక వింత. కొన్ని పిండినల్లులు గోధుమరంగుకు తిరిగి తోలుబుడగల్లా గట్టిపడుతున్నాయి. రెండు రోజులాగి చూస్తే ఆ బుడగకు ఒక చివర గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నం. అందులోంచి నల్లటి చిన్న కందిరీగ. ఎవరూ తెచ్చి వదల్లేదు, పిండినల్లి వెంట దాని శనీ వచ్చింది.

దీన్ని హయాత్ పరిశీలించి 2009లో కొత్త జాతిగా వర్ణించారు, ఈనాసియస్ బంబవాలై అని. ఒక భారతీయ వ్యవసాయ శాస్త్రవేత్త గౌరవార్థం పెట్టిన పేరు. ఆ పేరుతో వ్యాసాలు వచ్చాయి, సెమినార్లు జరిగాయి, పీహెచ్‌డీలు పూర్తయ్యాయి. తరువాత 2014లో ఇరాన్ కందిరీగల మీద పని చేస్తున్నవాళ్లు పాత రికార్డు తిరగేసి ఒక మాటన్నారు. ఇది కొత్తది కాదు, గిరాల్ట్ 1915లోనే పేరు పెట్టిన ఈనాసియస్ అరిజోనెన్సిసే ఇది. ముందు పట్టా ఎవరిదైతే భూమి వాళ్లదే. కొత్త పేరు రద్దై పాతదాని కింద చేరిపోయింది. ఇప్పటికీ పాత కరపత్రాల్లో బంబవాలై అనే ఉంటుంది. పొలంలో అది తన పని అది చేసుకుపోతూనే ఉంది.

ఇందులో హయాత్‌ను తప్పుపట్టలేం, నా ఉద్దేశంలో. ఆ గిరాల్ట్ ఎలాంటివాడో తెలిస్తే మీరూ అదే అంటారు. అలెగ్జాండర్ ఆర్సేన్ గిరాల్ట్ అమెరికాలో పుట్టి ఆస్ట్రేలియాలో పని చేసి 1941లో పోయాడు. మూడు వేలకు పైగా కొత్త పేర్లు పెట్టాడు. పత్రికలు వేసుకోకపోతే సొంత డబ్బుతో కరపత్రాలు అచ్చు వేసుకున్నాడు. ఒకే గాజుపలక మీద నాలుగైదు రకాల ముక్కలు కలిపి అతికించాడు. ఇల్లింగ్‌వర్త్ అనే తోటి శాస్త్రవేత్త మీద కోపంతో 'షిల్లింగ్స్‌వర్తియా షిల్లింగ్స్‌వర్తై' అనే లేని పురుగును వర్ణించి, గురుగ్రహం మీద దొరికిందని రాశాడు. కంటికి కనబడదట, లోపలంతా శూన్యమేనట. ఇలాంటి ఆయన వదిలిపోయిన రికార్డుల్లో నిజమైన పట్టా ఏదో వెతకడం పగవాడికి కూడా వద్దు.

పేరులో ఏముంది, పురుగు పని చేస్తే చాలదా అని నేనూ వాణ్ణి అడిగాను. వాడు బొప్పాయి సంగతి చెప్పాడు. బొప్పాయి పిండినల్లికి 1992లో పేరు పడింది. దాని బదనిక ఎసిరోఫేగస్ పపాయేకి 2003లో. ఆ పిండినల్లి 2008లో కోయంబత్తూరు వైపు కనబడి బొప్పాయినీ మల్బరీనీ ఊడ్చిపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు దీని మొగుడెవరని అడిగితే పుస్తకం తెరిచి పేరు చెప్పగలిగారు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు, పిండినల్లి అదుపులోకి వచ్చింది. పేరు లేకపోతే ఏమని ఉత్తరం రాస్తారు? ఆ పచ్చటిది, బొప్పాయి మీదిది, కొంచెం పంపండి అనా?

పేరు తప్పైతే ఇంకో రకం తిప్పలు. వరికీ చెరకుకీ పత్తికీ రైతులు ఆకుల కింద గుచ్చే ట్రైకో కార్డులు చూసే ఉంటారు. బియ్యపు పురుగు గుడ్లను అట్టకు అతికించి, వాటిలో ట్రైకోగ్రామా అనే బదనిక చేత గుడ్లు పెట్టిస్తారు. అర మిల్లీమీటరు జీవి. మన దేశంలో చాలాకాలం దీన్ని ట్రైకోగ్రామా ఆస్ట్రేలికం అనుకున్నారు (అది కూడా గిరాల్ట్ పేరే). బెంగళూరులో పనిచేసిన సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ 1960ల చివర నుంచి ఒక విషయం చూపించారు. ఈ ప్రజాతిలో రంగు, సైజు చూసి చెప్పడం వృథా, మగదాని జననాంగాల ఆకారం చూడాలని. అర మిల్లీమీటరు పురుగులో ఆ భాగం ఎంతుంటుందో ఊహించుకోండి. దాన్ని గాజుపలక మీద పరిచి గీస్తే, జాతులు విడివిడిగా కనబడ్డాయి. మనం వాడుతున్నది ట్రైకోగ్రామా చిలోనిస్ అని చివరికి తేలింది. ప్రపంచమంతా ఇప్పుడు ఆ పద్ధతి వాడుతుంది. కార్డు కట్టే రైతుకు ఇది తెలియాల్సిన పని లేదు గానీ, కార్డు తయారుచేసేవాళ్లు తప్పు జాతి పెంచితే గుడ్లన్నీ పగిలి పురుగులే వస్తాయి.

"డీఎన్ఏ చూస్తే ఒక్కరోజుల తేలదా?" అన్నాను.

"ఒక కాలు తీయాలె మామా. ఉన్నది ఒక్కటే పురుగాయె."

2003 నుంచి డీఎన్ఏ బార్‌కోడ్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. సీఓఐ అనే జన్యువులో దాదాపు 658 అక్షరాల ముక్క చదివి పోల్చడం. దీనివల్ల కళ్లు తెరుచుకున్న మాట నిజం. కోస్టారికాలో అపాంటెలిస్ ల్యూకోస్టిగ్మస్ అనే ఒక్క పేరు కింద చూస్తున్న కందిరీగ, బార్‌కోడ్ చదివితే 36 గుంపులుగా చీలింది. చాలావరకు ఒక్కో గుంపు ఒకటో రెండో రకాల గొంగళిపురుగుల మీదే బతుకుతోంది. ఒకే ఇంటిపేరుతో ముప్ఫయి ఆరు వేరు కాపురాలు. అదే దేశపు కందిరీగల మీద 2021లో ఒక బృందం 403 కొత్త జాతులకు ఒకే వ్యాసంలో పేర్లు పెట్టేసింది. ఒక్కోదానికి ఫొటో, బార్‌కోడ్, అంతే. దీర్ఘ వర్ణన లేదు. పెద్ద దుమారమే లేచింది. ఇలా అయితే గానీ ఈ సముద్రం తరగదని వాళ్లంటారు. ఇతర దేశాల్లో మైక్రోస్కోప్ ఒక్కటే ఉన్నవాడు ఈ పేర్లను ఎలా వాడుకోవాలి, పాత టైపుల్లో డీఎన్ఏ మిగలకపోతే పోల్చేదెలా అని ఎదుటివాళ్లంటారు. పైగా ఈ జన్యుముక్క తల్లి నుంచే వస్తుంది. కందిరీగల్లో ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా కూడా తల్లి నుంచే వచ్చి ఈ లెక్కను తారుమారు చేయగలదు. నా ఓటు మైక్రోస్కోప్, డీఎన్ఏ రెండూ కలిపి చేసేవాళ్లకు. నా ఓటు ఎవరడిగారంటారా, అది వేరే సంగతి.

సరే, కొత్తదే అని తేలిందనుకుందాం. పేరు ఎక్కడ పుడుతుంది? థీసిస్‌లో రాసి యూనివర్సిటీ లైబ్రరీలో పెడితే పుట్టదు. వర్ణన లేకుండా పేపర్లో పేరు మాత్రం అచ్చయితే దాన్ని 'నోమెన్ నూడుమ్' అంటారు, బట్టల్లేని పేరని అర్థం. చెల్లదు. వర్ణనతో, దగ్గరి చుట్టాలతో తేడా చెబుతూ, హోలోటైప్ ఎక్కడ దాచారో చెబుతూ అచ్చవ్వాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే, జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళికి 2012లో చేసిన సవరణ ప్రకారం జూబ్యాంక్ అనే రిజిస్టర్‌లో నమోదు కావాలి. మన 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలియజేసి నమూనాలు అక్కడ జమచేయాలి. అల్మారాలో దాచుకుంటే కుదరదు. ఆ నిబంధన మంచిదే. అగ్గిపెట్టెల్లో చెదలు తిన్న పరిశోధనలు నేను కళ్లారా చూశాను.

పేరు విషయంలో స్వేచ్ఛ ఉంది. ఊరి పేరైతే చివర 'ఎన్సిస్', మనిషి పేరైతే మగవాళ్లకు 'ఐ', ఆడవాళ్లకు 'ఏ'. తన పేరు తనే పెట్టుకోకూడదని నియమం లేదు గానీ నవ్విపోతారు. ఒకసారి అచ్చయ్యాక ఇష్టమొచ్చినట్టు అక్షరం మార్చడానికి లేదు. మహదేవపూర్, చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంచేవాళ్లకు పసుపురంగు కందిరీగ ఒకటి తెలుసు. పట్టుకాయలో సూది దింపి లోపలి ప్యూపాను తినేస్తుంది. దాని పేరు జాంథోపింప్లా పెడేటర్, 1775లో ఫాబ్రిషియస్ పెట్టింది. పట్టు పరిశ్రమ కాగితాల్లో చాలాచోట్ల 'ప్రిడేటర్' అని ఉంటుంది. ఎవరో అచ్చుతప్పు అనుకుని దిద్దారు, వేటాడేది కదా అని. దిద్దిందే తప్పు.

మా వాడు లేబుల్ మీద ఇంకా ఎక్కువ జాగ్రత్త. దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పసుపు ప్లేటు, పట్టినవారు. వేలిగోరంత కాగితం మీద ఇన్నీ పట్టాలి. ఎందుకింత అంటే పాత పెట్టె ఒకటి చూపించాడు. "వరంగల్, ఆంధ్రప్రదేశ్" అని ఉంది, అంతే. 2016కు ముందు వరంగల్ జిల్లా అంటే ఇటు జనగామ నుంచి అటు ఏటూరునాగారం గోదావరి ఒడ్డు దాకా. ఇప్పుడా నేల చాలావరకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, హనుమకొండ, వరంగల్ అని ఆరు ముక్కలైంది. రాష్ట్రం పేరూ మారింది. ఆ పురుగు టేకు అడవిలోదా, పత్తి చేనులోదా, మట్టెవాడ గల్లీలో లైటు కింద పడిందా? వెళ్లి మళ్లీ పట్టాలంటే ఎక్కడికని పోవాలి?

మళ్లీ పట్టాల్సిన అవసరం వాడికిప్పుడు పడింది. పది జాతులతో పోల్చాల్సి వచ్చింది. ఎనిమిది కావని తేలింది. తొమ్మిదోదాని టైపు ఫొటో విదేశీ మ్యూజియం నుంచి వచ్చింది, మీసంలో రెండో పూస పొడవు తేడాగా ఉంది. కానీ ఆ తేడా జాతి తేడానా, ఇది కాస్త బక్కగా పెరగడం వల్లనా అన్నది ఒక్క నమూనాతో తేలదు. పదోదాని ఫొటో ఇంకా రాలేదు. పైగా ప్లేటులో మునిగినదాన్ని చూసి అది ఏ పురుగు మీద బతికిందో చెప్పలేం. మగది దొరకలేదు. పిండినల్లుల మీదిదేమోనని, ఆ గట్టు మీది గడ్డిలో, పక్కనున్న కందిచేలో వాటిని ఏరి, సీసాల్లో పెట్టి, పైన గుడ్డ కట్టి, ఏది బయటికొస్తుందో రోజూ చూడాలి.

"ఎన్ని కావాలె రా?"

"ఆడయి పది, మగయి నాలుగన్న దొరికితే ధైర్యంగ రాస్త మామా. వానాకాలం నాట్లయినంక మళ్లీ పోత."

ఆ రైతు ఈసారి ప్లేట్లు కాస్త దూరంగా పెట్టమన్నాడట. పిల్లలు బొమ్మలనుకుని రెండు ఎత్తుకుపోయారు. ఒకదాంట్లో బర్రె నీళ్లు తాగింది. అక్క మాత్రం కొత్త జాలిని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.